ఎత్తు పెరిగితే పల్టీ ఎందుకు తప్పుతది?

మాది చౌటుప్పల్. చిన్నప్పుడు వ్యవసాయ బావి మెట్ల మీంచి ముందుకు పల్టీ కొడితే కాళ్ల మీదే పడేటోణ్ణి. ఒకరోజు పైన గట్టు మీంచి అదే ఊపుతో దూకిన. పొట్ట నీళ్లకు చరుచుకుని ఊపిరి ఆగినంత పనైంది.

లెక్క చూడండి. 4 మీటర్లు పడటానికి సుమారు 0.9 సెకను, 6 మీటర్లకు 1.1. ఆ తేడాలో ఒళ్లు దాదాపు ఇంకో పావు చుట్టు తిరుగుతది.

తిరిగే ఊపు కాళ్లు లేచేటప్పుడే ఖాయమైతది. గాలిలో ముడుచుకుంటే వేగం పెరుగుతది, చాపుకుంటే తగ్గుతది. అందుకే ఎత్తు పెరిగితే ఊపు తగ్గించాలి, ఒళ్లు ముందే విప్పాలి. స్కీలతో పెద్ద ర్యాంపు ఎగిరేవాళ్లదీ, 2018 మెల్‌బోర్న్ ప్రపంచకప్‌లో వాల్ట్ కాంస్యం తెచ్చిన మన హైదరాబాద్ బుద్దా అరుణా రెడ్డిదీ ఇదే సూత్రం.

తమ్ముళ్లూ, లోతు తెలియని బావిలో మాత్రం ఏ సూత్రమూ కాపాడదు. ఉంటా మరి.