పియర్ 21: ఓడలో వచ్చినవారికి కెనడా తెరిచిన తలుపు

కెనడా వలసల చరిత్రలో 20వ శతాబ్దపు మధ్యకాలం వరకు ఓడరేవుకు ఉన్న ప్రాముఖ్యం నేటి విమానాశ్రయాలకు ఉన్నదానికంటే పెద్దది. ఐరోపా నుంచి అట్లాంటిక్ మీదుగా వారం పది రోజులు, ఆసియా నుంచి పసిఫిక్ మీదుగా అంతకంటే ఎక్కువ కాలం ప్రయాణించి వచ్చిన కుటుంబాల భవితవ్యం రేవులోని ఒక పెద్ద హాలులో, ఒక అధికారి బల్ల ముందు, చాలాసార్లు కొద్ది నిమిషాల్లోనే తేలిపోయేది. ఓడ గట్టుకు చేరినంత మాత్రాన, కాలు నేల మీద మోపినంత మాత్రాన ప్రయాణికుడు దేశంలో ప్రవేశించినట్టు నాటి వలస చట్టం భావించేది కాదు. అధికారి పరీక్షించి అనుమతి ముద్ర వేసేవరకు అతడు కెనడా గడ్డ మీద నిలబడి ఉన్నా, చట్టం లెక్కలో ఇంకా ఓడలో ఉన్నవాడే. ఈ సూక్ష్మం అర్థమైతే తప్ప, కొందరికి ఆ రేవు ఎందుకు స్వాగతద్వారమైందో, మరికొందరికి అదే దేశపు మరో రేవు ఎందుకు మూసిన తలుపైందో బోధపడదు.

ఏ ఓడ ఏ రేవుకు రావాలన్నది చాలావరకు శీతాకాలం నిర్ణయించేది. వేసవిలో ఓడలు సెయింట్ లారెన్స్ నదిలోకి ప్రవేశించి క్విబెక్ నగరం వరకు వెళ్ళేవి; నది గడ్డకట్టే నెలల్లో మాత్రం అట్లాంటిక్ తీరంలో మంచు పట్టని రేవులైన హాలిఫాక్స్, సెయింట్ జాన్‌లే దిక్కు. క్విబెక్‌కు ముందు నదిలో ఉన్న గ్రోస్ ఐల్ అనే దీవిలో 1832 నుంచి 1937 వరకు క్వారంటైన్ కేంద్రం, అంటే అంటువ్యాధులున్న ఓడలను, మనుషులను విడిగా ఆపి ఉంచే స్థలం పనిచేసింది. 1847లో ఐర్లండ్ కరువు నుంచి పారిపోయి వచ్చినవారిలో ఐదు వేల మందికి పైగా టైఫస్ జ్వరంతోనూ, దాని వెంట వచ్చిన ఇతర రోగాలతోనూ మరణించి అక్కడే సమాధి అయ్యారు. వచ్చినవారి దేహాన్ని ముందు వైద్యుడు చూడాలి, ఆ తర్వాతే వారి కాగితాలను అధికారి చూడాలి అన్న క్రమం వలస తనిఖీలో బలపడడానికి ఇలాంటి విషాదాలే కారణం.

హాలిఫాక్స్‌లో అంతకుముందు వలసదారులను దించిన పియర్ 2 అనే రేవుకట్ట 1917 డిసెంబరు 6న జరిగిన భారీ ఓడ పేలుడులో దెబ్బతిన్నది. నగరానికి దక్షిణాన కొత్తగా నిర్మించిన ఓడరేవు ప్రాంగణంలో 1928 మార్చి 8న పియర్ 21 ప్రారంభమైంది. ఆ రోజు హాలండ్ నుంచి వచ్చిన న్యూ ఆమ్‌స్టర్‌డామ్ అనే ఓడ తొలి వలసదారులను అక్కడ దించింది. అప్పటినుంచి 1971 మార్చిలో మూతపడే వరకు దాదాపు పది లక్షల మంది వలసదారులు ఆ కట్టడం గుండా కెనడాలో అడుగుపెట్టారు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో మనుషుల ప్రవాహం తిరగబడి, సుమారు 4,94,000 మంది సైనికులు అక్కడినుంచే ఐరోపా యుద్ధరంగానికి ఓడలెక్కారు.

న్యూయార్క్‌లోని ఎల్లిస్ ఐలండ్ కేంద్రం నీటి మధ్య దీవిలో ఉండగా, పియర్ 21 మాత్రం ఓడ గట్టుకూ రైలు పట్టాలకూ మధ్యనే నిర్మితమైంది. ఓడ నుంచి వేసిన వంతెన మీదుగా ప్రయాణికులు పై అంతస్తులోని సమావేశపు హాలుకు నేరుగా చేరి, బారులు తీర్చిన బెంచీల మీద తమ వంతు కోసం కూర్చునేవారు. ఆపై వైద్య పరీక్ష జరిగేది. కళ్ళు, చర్మం, నడక, శ్వాస చూసి అంటురోగ లక్షణాలున్నవారిని వేరుచేసేవారు. ట్రకోమా అనే కంటిజబ్బు, అంటే కనురెప్పల లోపలి పొరను పాడుచేసి చివరకు చూపును పోగొట్టగల అంటువ్యాధి, ఒక్కటే ఎందరినో వెనక్కి పంపడానికి కారణమైంది. వైద్యుణ్ణి దాటినవారిని పేరు, వయసు, వృత్తి, చేతిలోని డబ్బు, చేరవలసిన ఊరు, అక్కడ ఎదురుచూస్తున్న బంధువు లేదా యజమాని వంటి వివరాలు అడిగి, ఓడ కంపెనీ ముందే తయారుచేసి ఇచ్చిన ప్రయాణికుల పట్టికతో సరిచూసేవారు. భాష రానివారికి దుబాసీలు సాయపడేవారు. అన్నీ సరిపోతే కాగితం మీద శాశ్వత నివాసానికి అనుమతి పొందిన వలసదారు అని ముద్ర పడేది. ఆ ముద్ర కోసం ఇల్లూ పొలమూ అమ్ముకొని వచ్చిన మనుషులకు, ఆ బల్ల ముందు గడిచిన క్షణాలు సముద్రం మీద గడిచిన రోజులన్నిటికంటే దీర్ఘంగా తోచి ఉంటాయనడం అతిశయోక్తి కాదు.

అక్కడినుంచి పైవంతెన మీదుగా పక్క భవనంలోకి వెళితే సామాను తనిఖీ, అంటే కస్టమ్స్ జరిగేది. ఇంటినుంచి కట్టి తెచ్చుకున్న సాసేజీలు, ఎండబెట్టిన మాంసం, జున్ను వంటివాటిని అధికారులు స్వాధీనం చేసుకొని పారవేయడం చాలామందికి కెనడాలో ఎదురైన తొలి దుఃఖం. పైకి కఠినంగా కనిపించినా దానికి కారణం లేకపోలేదు: 1951-52 శీతాకాలంలో సస్కాచెవాన్ రాష్ట్రపు పశువుల్లో గాలికుంటు వ్యాధి ప్రబలినప్పుడు, ఐరోపా నుంచి వచ్చిన ఒక వలస కూలీ తెచ్చుకున్న మాంసంతోనే అది దేశంలోకి వచ్చిందని భావించారు. తనిఖీ ముగిసినవారికి రెడ్‌క్రాస్ వాలంటీర్లు, క్రైస్తవ సన్యాసినులు, ఇతర సేవాసంస్థలవారు పసిపిల్లల సంరక్షణ నుంచి ఉత్తరాలు రాసిపెట్టడం వరకు తోడ్పడేవారు. ఆ తర్వాత చెక్క బెంచీలున్న రైలుపెట్టెల్లో కూర్చొని, దారిలో తినడానికి రొట్టె, డబ్బాల ఆహారం కొనుక్కొని, మాంట్రియల్‌కో, టొరంటోకో, అంతకంటే ఎంతో దూరాన ఉన్న పడమటి మైదానాలకో బయలుదేరేవారు.

అనుమతి దొరకనివారి మార్గం వేరు. కట్టడంలోనే ఉన్న నిర్బంధపు గదుల్లో, ఊచలున్న కిటికీల వెనుక, వారు రోజులో వారాలో ఆగవలసి వచ్చేది. 1910 నాటి వలస చట్టం ప్రకారం ముగ్గురు అధికారులతో కూడిన విచారణ మండలి వారి సంగతి తేల్చేది; దాని తీర్పుపై మంత్రికి విన్నవించుకోవచ్చు గాని, న్యాయస్థానాలు అందులో జోక్యం చేసుకోకుండా ఆ చట్టమే అడ్డుకట్ట వేసింది. తిరస్కరించిన ప్రయాణికుణ్ణి తిరిగి తీసుకుపోయే ఖర్చు తెచ్చిన ఓడ కంపెనీయే భరించాలి గనుక, కంపెనీలు బయలుదేరే రేవులోనే అనుమానం ఉన్నవారిని ఆపివేసేవి. 1920ల చివరినాటికి కెనడా తన వైద్యులను బ్రిటన్‌లోనూ ఐరోపాలోనూ నియమించి, పరీక్షను సముద్రానికి ఆవలి గట్టుకే తరలించింది. ఈ విధంగా హాలిఫాక్స్ హాలులో జరిగేది క్రమంగా చివరి అంకం మాత్రమే అయింది. ఎవరిని రానివ్వాలన్న అసలు నిర్ణయం ఒట్టావాలోని మంత్రివర్గపు ఉత్తర్వుల్లో అంతకుముందే జరిగిపోయేది. 1931 మార్చిలో వెలువడిన ఉత్తర్వు ఆర్థికమాంద్యం పేరిట, తగిన ఆస్తిగల బ్రిటిష్, అమెరికన్ పౌరులకూ, పెట్టుబడిగల వ్యవసాయదారులకూ, అప్పటికే కెనడాలో ఉన్నవారి భార్యాపిల్లలకూ తప్ప దాదాపు అందరికీ తలుపులు మూసింది.

భారతీయుల విషయంలో ఆ తలుపు అంతకు చాలాకాలం ముందే మూసుకుంది. 1904 నుంచి 1908 వరకు సుమారు ఐదు వేల మంది భారతీయులు, వారిలో అత్యధికులు పంజాబీ సిక్కులు, వాంకూవర్, విక్టోరియా రేవుల ద్వారా బ్రిటిష్ కొలంబియాకు చేరి కలప మిల్లుల్లోనూ రైలుమార్గాల పనుల్లోనూ కుదురుకున్నారు. వారూ బ్రిటిష్ సామ్రాజ్యపు ప్రజలే కనుక పేరుపెట్టి నిషేధించడం కెనడాకు ఇబ్బందికరమైంది. అందుచేత 1908 జనవరి 8న మరో దారి కనిపెట్టారు: జన్మించిన దేశం నుంచి గాని, పౌరసత్వమున్న దేశం నుంచి గాని, అక్కడే కొన్న టికెట్టుతో, మధ్యలో ఎక్కడా ఆగకుండా వచ్చినవారికి మాత్రమే ప్రవేశం. భారతదేశం నుంచి కెనడాకు అలా నేరుగా నడిచే ఓడలు లేకుండా చూడడంతో, ఎవరి పేరూ చెప్పకుండానే నిషేధం పూర్తయింది. అదే ఏడాది ఆసియా వలసదారుల చేతిలో ఉండవలసిన కనీస సొమ్మును 200 డాలర్లకు పెంచారు. చైనీయుల మీద 1903 నుంచి తలకు 500 డాలర్ల పన్ను ఉండనే ఉంది.

మధ్యలో ఆగకుండా రావాలన్న ఈ నిబంధనను సవాలు చేయడానికే గుర్‌దిత్ సింగ్ అనే వ్యాపారి జపాన్ ఓడ కొమగాటమారును అద్దెకు తీసుకొన్నాడు. 340 మంది సిక్కులు, 24 మంది ముస్లింలు, 12 మంది హిందువులు, మొత్తం 376 మందితో ఆ ఓడ 1914 మే 23న వాంకూవర్ చేరింది. వారికి హాలూ లేదు, బెంచీ లేదు. ఓడను రేవులోనే నీటి మీద నిలబెట్టి, పహరా పెట్టి, తిండికీ నీటికీ కటకటలాడేటట్టు చేశారు. మున్షీ సింగ్ అనే ప్రయాణికుడి పేరిట నడిచిన వ్యాజ్యంలో బ్రిటిష్ కొలంబియా అప్పీలు కోర్టు జులై 6న ప్రభుత్వ పక్షాన తీర్పు చెప్పింది. అప్పటికే కెనడా నివాసులైనవారితో కలిపి 24 మందిని మాత్రమే దిగనిచ్చి, రెయిన్‌బో అనే యుద్ధనౌకను ఎదుట నిలిపి, జులై 23న మిగిలిన వారందరినీ వెనక్కి పంపారు. ఆ ఓడ సెప్టెంబరు 29న కలకత్తా సమీపంలోని బజ్‌బజ్ చేరినప్పుడు పోలీసులతో జరిగిన ఘర్షణలో కాల్పులకు సుమారు 20 మంది ప్రాణాలు కోల్పోయారు.

ఈ ఓడను మరో ఓడ పక్కన పెట్టి చూస్తే గాని నాటి వలస విధానపు అసలు రంగు తెలియదు. 1948 డిసెంబరు 13న బ్రిటిష్ నౌకాదళం యుద్ధంలో వాడి వదిలేసిన వాల్‌నట్ అనే చిన్న నౌక, సోవియట్ పాలనకు భయపడి స్వీడన్ నుంచి బయలుదేరిన 347 మంది బాల్టిక్ శరణార్థులతో, వీసాలు లేకుండా హాలిఫాక్స్ చేరింది. వారిని పియర్ 21లోనే నిర్బంధించి, విచారించి, దాదాపు అందరినీ కెనడాలో ఉండనిచ్చారు. నిబంధనలను పాటించనివారు రెండు ఓడలవారూ. ఒకరికి విచారణ వారధి అయింది, మరొకరికి అది అడ్డుగోడ అయింది. మధ్యలో గడిచిన 34 ఏళ్ళూ, ప్రపంచయుద్ధమూ కొంత కారణమే అయినా, ఐరోపీయులనీ ఆసియావారనీ వేరుచేసి చూసిన దృష్టే ప్రధాన కారణమని చెప్పక తప్పదు. శరణార్థి అయినంత మాత్రాన ఐరోపీయులందరికీ ఆ దయ దక్కలేదు కూడా: 1939 జూన్‌లో సెయింట్ లూయిస్ ఓడలోని 907 మంది యూదులకు కెనడా ఆశ్రయం నిరాకరించగా, ఐరోపాకు తిరిగి వెళ్ళినవారిలో 254 మంది నాజీల మారణహోమంలో హతులయ్యారు.

ఇదే కాలంలో తెలుగువారికి సముద్రయానం కొత్త కాదు. కాకినాడ, విశాఖపట్నం రేవుల నుంచి వేలాదిమంది రంగూన్ ఓడలెక్కి కూలి పనులకు వెళ్ళేవారు. 1937 వరకు బర్మా బ్రిటిష్ ఇండియాలో భాగమే కనుక అది ఒకే పాలన లోపలి ప్రయాణం. సామ్రాజ్యం తన పనికి కూలీలు కావలసినచోట దారి తెరిచి, వారు సమాన పౌరులుగా స్థిరపడదలచినచోట దారి మూసిందన్న సంగతి ఈ పోలికలో కనిపిస్తుంది.

భారతీయులను అడ్డుకున్న ఆ ఎడతెగని ప్రయాణ నిబంధన, అంటే మధ్యలో ఆగకుండా రావాలన్న షరతు, 1947లో రద్దయింది. 1951 ఒప్పందం ప్రకారం ఏడాదికి 150 మంది భారతీయులకు, 1957 నుంచి 300 మందికి ప్రవేశం లభించింది. 1962లో జాతి ప్రాతిపదికను చాలావరకు తొలగించి, 1967లో విద్య, నైపుణ్యం, భాష వంటివాటికి మార్కులు వేసే పాయింట్ల పద్ధతిని తెచ్చారు. తెలుగువారు చెప్పుకోదగ్గ సంఖ్యలో కెనడా చేరడం ఆ తర్వాతి మాటే. అప్పటికి జెట్ విమానాలు ఓడలను ఓడించాయి, పియర్ 21 మూతకు దగ్గరైంది. భారతీయులకు తలుపు నిజంగా తెరుచుకునే వేళకు ఆ హాలే ఖాళీ అయింది.

1999లో ఆ కట్టడాన్ని ప్రజల సందర్శనకు తెరిచారు. తరువాత అది కెనడా జాతీయ వలస మ్యూజియంగా రూపొందింది. కొమగాటమారు ఉదంతానికి 2016 మే 18న, సెయింట్ లూయిస్ ఉదంతానికి 2018 నవంబరు 7న కెనడా పార్లమెంటులో ప్రధానమంత్రి క్షమాపణ చెప్పారు. 1935 వరకు వచ్చిన ఓడల ప్రయాణికుల పట్టికలు ఒట్టావాలోని జాతీయ గ్రంథాలయ అభిలేఖాగారంలో ఉన్నాయి, కాని వాటిలో ఉండేవి అధికారి రాసుకున్న వివరాలే. బల్లకు ఇవతల నిలబడినవారు ఏమనుకున్నారో ఏ పట్టికలోనూ దొరకదు. మ్యూజియం ఏ మార్గంలో వచ్చినవారి స్వీయకథనాలనైనా సేకరిస్తోంది గనుక, 1960లలో, 70లలో కెనడా చేరిన తొలితరం తెలుగువారు తమ ప్రవేశపు రోజు సంగతులను, తేదీలతో, కాగితాల నకళ్ళతో సహా రాసి గాని రికార్డు చేసి గాని అక్కడికి అందజేయాలి. ఆ తరం పెద్దలున్న ఇళ్ళవారు ఈ పనిని ఇక వాయిదా వేయకూడదు.