గుండుకీ గొట్టానికీ మధ్య సందు

నూజివీడు మామిడి తోటల్లో చిలకల్ని తోలడానికి ఒడిసెల పట్టే కాపలాదారు ఏ రాయి పడితే ఆ రాయి తియ్యడు. గుండ్రంగా, చేతికి బరువుగా ఉన్నదాన్ని ఏరుకుంటాడు. వంకర రాయి ఎటు పోతుందో విసిరినవాడికే తెలీదు. మూతి నుంచి మందు దట్టించే పాత పిస్తోలుకు గుండు ఎంచడంలో సగం పని ఇదే. మిగతా సగం ఒడిసెలకు లేని చిక్కు: గుండు గొట్టంలో పట్టాలి.

1759 ఏప్రిల్‌లో కర్నల్ ఫోర్డ్ మచిలీపట్నం కోటను ఫ్రెంచివాళ్ళ నుంచి లాక్కున్న రోజుల్లో ఇంగ్లీషు సైనికుల తుపాకీ బ్రౌన్ బెస్. గొట్టం లోపలి వ్యాసం సుమారు 19 మిల్లీమీటర్లు, గుండు 17.5. ఆ ఒకటిన్నర మిల్లీమీటర్ల సందు కావాలని వదిలిందే. తుపాకీ మందు కాలితే గొట్టం నిండా మసి పేరుకుంటుంది, బిగువైన గుండు కొన్ని కాల్పులకే దిగనని మొరాయిస్తుంది. వదులు గుండు చప్పున దిగుతుంది గానీ, పేలగానే గోడలకు అటూ ఇటూ కొట్టుకుంటూ పోయి, చివరికి ఏ గోడను తాకిందో దాన్నిబట్టి దారి మార్చుకుంటుంది. బారులు తీరి నిలబడ్డ శత్రువు మీదికైతే అది చాలు. ఒక్క గుండుతో ఒక్క గురి కొట్టాల్సిన పిస్తోలుకు చాలదు.

అందుకే గురి కావాలనుకున్నవాళ్ళు గుండును గొట్టం కంటే రవ్వంత చిన్నదిగా పోసి, జిడ్డు పట్టించిన గుడ్డముక్కలో చుట్టి దట్టించారు. గుడ్డ సందును మూస్తుంది. గొట్టంలో మెలిక గాళ్ళుంటే వాటి పట్టును గుండుకు అందిస్తుంది. గుండు మెత్తని సీసమే అయ్యుండాలి. సీసం 327 డిగ్రీల దగ్గర కరిగి అచ్చులో ఒదుగుతుంది, అదే పరిమాణం ఇనుము కంటే దాదాపు ఒకటిన్నర రెట్లు తూగుతుంది. పోసిన ప్రతి గుండునూ తూచాలి. ఒకే అచ్చులోవాటిలో ఒకటి తేలిగ్గా తూగితే కడుపులో గాలి బుడగ ఉందన్న అనుమానం, దాన్ని మళ్ళీ కరిగించాల్సిందే. తర్వాత పిస్తోలును కదలకుండా ఆనించి, వరసగా కాగితం మీదికి కాలుస్తారు. చూడాల్సింది చిల్లులు నడిమి చుక్కకు ఎంత దగ్గరో కాదు, ఒకదానికొకటి ఎంత దగ్గరో. కింద పడ్డ గుడ్డనూ ఏరుకొస్తారు: చిరిగిందా, మాడిందా? ఈ పనంతటిలో నాకు ముచ్చటగా తోచేది ఈ గుడ్డ పరీక్షే.

వేగం మాత్రం కంటికి దొరకదు. ఇంగ్లీషు గణితజ్ఞుడు బెంజమిన్ రాబిన్స్ 1742లో అచ్చువేసిన పుస్తకంలో దానికి ఉపాయం చెప్పాడు. బరువైన చెక్కను లోలకంలా వేలాడదీసి గుండును అందులోకి కాల్చాడు. చెక్క ఎంత దూరం ఊగిందో దానికి కట్టిన రిబ్బను చెబుతుంది. 38 గ్రాముల గుండు సెకనుకు 509 మీటర్ల వేగంతో వచ్చి 25 కిలోల చెక్కలో దిగబడితే, రెండూ కలిసి సెకనుకు ముప్పావు మీటరు వేగంతో కదిలి మూడు సెంటీమీటర్లు లేస్తాయి. ఇంటర్ పిల్లలు ద్రవ్యవేగ నిత్యత్వం పాఠంలో చేసే లెక్కే. లోలకాన్ని దూరంగా జరిపి కాలిస్తే ఇంకో సంగతి బయటపడింది: అంత వేగంలో గాలి పెట్టే అడ్డు గుండు బరువుకు 120 రెట్లు! అప్పటిదాకా ఫిరంగి లెక్కలు గాలిని పెద్దగా పట్టించుకోలేదు.

రాబిన్స్ ఇంకో చిలిపి పరీక్ష కూడా చేశాడు. గొట్టం కొసను ఎడమకు వంచి కాలిస్తే గుండు మొదట ఎడమకే పోయి, దూరం వెళ్ళాక కుడికి తిరిగింది. గోడను రాసుకున్నప్పుడు పుట్టిన గింగిరమే దాన్ని లాగుతోందని ఆయన పట్టుకున్నాడు. వదులు గుండు గురి తప్పడానికి అదీ ఒక కారణం. తర్వాత ఈస్టిండియా కంపెనీ ఇంజనీరుగా మన తీరానికే వచ్చి, కడలూరు దగ్గరి సెయింట్ డేవిడ్ కోటలో 1751 జులై 29న జ్వరంతో పోయాడు.

సందు మూసే మెరుగైన ఆలోచన కూడా దక్షిణ భారతంలోనే తట్టింది. 1823లో ఇక్కడున్న కెప్టెన్ జాన్ నార్టన్ స్థానికుల ఊదుగొట్టం బాణాలు చూశాడు. వాటి అడుగున మెత్తని బెండు, ఊదగానే ఉబ్బి గొట్టాన్ని నింపేస్తుంది. ఆయన అడుగు బోలుగా ఉండే తూటా చేసి చూపిస్తే బ్రిటిష్ సైన్యం వద్దంది. అదే సూత్రాన్ని ఫ్రాన్సులో మినియే అనే సైనికాధికారి 1849లో నిలబెట్టాక, అదే బ్రిటిష్ ప్రభుత్వం మినియేకు 20,000 పౌన్లు చెల్లించింది.

అంతర్జాతీయ పోటీల్లో పాతకాలం పిస్తోలుకు మాత్రం నేటికీ గుడ్డ చుట్టిన సీసపు గుండే. 25 మీటర్ల దూరం, 30 నిమిషాల గడువు, 13 కాల్పులు. మెరుగైన 10 లెక్కలోకి వస్తాయి, మిగిలిన మూడూ ఎటు పోయినా అడిగేవాళ్ళు లేరు.