కాళ్ళకు నీరు పడితే

పొద్దుటి నుంచీ నాట్లు వేసి ఇంటికొస్తారు. చూస్తే పాదాలు ఉబ్బి ఉంటాయి. మెట్టెలు బిగుసుకుంటాయి. "కాళ్ళకు నీరు పట్టింది" అంటారు పెద్దలు. ఆ మాట నిజమే. మరి ఆ నీరు ఎక్కడిది? అక్కలారా, తెలుసుకుందాం.

నీరు ఎలా చేరుతుంది?

మట్టికుండలో నీళ్ళు పోస్తే బయటికి చెమ్మ ఊరుతుంది కదా. మన ఒంట్లోనూ అంతే. రక్తం పారే సన్నని నాళాల నుంచి కొంచెం నీరు ఊరుతుంది. మళ్ళీ రక్తంలో కలిసిపోతుంది. అలా కలవకుండా నిలిచిపోతే అదే వాపు. వాచిన చోట బొటనవేలితో కాసేపు నొక్కండి. గుంట పడి అలాగే ఉంటే అది నీటి వాపు.

ఎందుకు నిలుస్తుంది?

ఎక్కువసేపు నిలబడితే నీరు కాళ్ళలోకి దిగుతుంది. ఉప్పు ఎక్కువ తిన్నా నిలుస్తుంది. రక్తం బాగా తగ్గినా, గుండె, మూత్రపిండాలు, కాలేయం చెడినా వాపు వస్తుంది.

ఏం చేయాలి?

కాళ్ళ కింద దిండు పెట్టుకుని పడుకోండి. ఊరగాయ, అప్పడాలు, ఎండుచేపలు తగ్గించండి. నీరు పట్టిందని మంచినీళ్ళు మానకండి. డాక్టరు చెబితేనే తగ్గించండి. నీరు తీసే మాత్రలు సొంతంగా కొని మింగకండి. తెల్లారినా వాపు తగ్గకపోతే, ఒక్క కాలే వాచి నొప్పి పెడితే, ఆయాసం వస్తే ఆస్పత్రికి వెళ్ళండి.

కడుపుతో ఉన్నవారికి

"కడుపుతో ఉంటే కాళ్ళు వాయవా?" అంటారు. సాయంత్రం వచ్చి తెల్లారేసరికి తగ్గే వాపు మామూలే. కానీ ముఖం ఉబ్బితే, చేతులు వాచి గాజులు బిగిస్తే ఆ రోజే నర్సమ్మకు చూపించాలి. విపరీతమైన తలనొప్పి, కళ్ళు మసకబారడం, పొట్ట పైభాగంలో నొప్పి ఉంటే గంట కూడా ఆగొద్దు. 108కి ఫోన్ చేయాలి.

ఇది బీపీ పెరిగిన గుర్తు. ముదిరితే ఫిట్స్ వస్తాయి. దీన్నే గుర్రపువాతం అంటారు. తల్లికీ బిడ్డకూ ప్రాణాపాయం. ఇది గాలి కాదు, దిష్టి కాదు. తాయెత్తు కట్టించుకుంటూ కూర్చుంటే సమయం పోతుంది. కాన్పయ్యాక ఆరు వారాల దాకా కూడా ఇది రావచ్చు.

వాపు లేకుండానే బీపీ పెరగవచ్చు. అందుకే వెళ్ళిన ప్రతిసారీ బీపీ చూపించుకోవాలి. మూత్రం పరీక్ష చేయించుకోవాలి.

చదివాక చేయండి

మీ వాడలో కడుపుతో ఉన్నవారెవరు? వాళ్ళ తల్లీబిడ్డల కార్డు తీయండి. అంకెలు చదవడం ఇప్పుడు మీకొచ్చు. బీపీ దగ్గర రెండు అంకెలు ఉంటాయి. పై అంకె 140, కింది అంకె 90. ఈ రెండింటిలో ఏ ఒక్కటి వచ్చినా, దాటినా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళండి. అక్కడ ఏమీ రాయకపోతే "మా పిల్లకి బీపీ ఎందుకు చూడలేదమ్మా?" అని అడగండి. అడగడం మన హక్కు.