పిల్లలు చదువులో వెనకబడితే కన్సల్టెంట్ దగ్గరికి వెళ్లాలా?

పిల్లాడికి మార్కులు తగ్గాయి. ట్యూషన్ మార్చారు, స్కూల్ కూడా మార్చారు. ఇక మిగిలింది ఎడ్యుకేషన్ కన్సల్టెంట్‌కు ఫీజు కట్టడమే అని హైదరాబాద్‌లో చాలామంది తల్లిదండ్రులు అనుకుంటున్నారు. కానీ డబ్బు కట్టే ముందు పిల్లాడు ఎందుకు వెనకబడ్డాడో తెలియాలి.

మొదట చూపు, వినికిడి పరీక్ష చేయించాలి. బోర్డు మీద అక్షరాలు కనబడని పిల్లాడికి బద్ధకమని తిట్లు పడుతుంటాయి. తర్వాత క్లాస్ టీచర్‌తో మాట్లాడాలి. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, పుస్తకంలో ఇంగ్లీష్. లెక్క వచ్చినా ప్రశ్న అర్థంకాక తప్పు చేసే పిల్లలున్నారు. వాళ్లకు కావాల్సింది భాషలో సాయం.

నోటితో గడగడా చెప్పేసి, చదవడం, రాయడం దగ్గర మాత్రం ఆగిపోతుంటే డిస్లెక్సియా ఉందేమో చూపించుకోవాలి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఇలాంటి అభ్యసన వైకల్యాలను గుర్తించింది. సర్టిఫికెట్ ఉంటే బోర్డు పరీక్షల్లో వెసులుబాట్లు దొరుకుతాయి. సీబీఎస్‌ఈలో గంటకు 20 నిమిషాలు అదనంగా ఇస్తారు. ఈ సర్టిఫికెట్ ఇచ్చేది ప్రభుత్వం నిర్ణయించిన వైద్యాధికారులే. కన్సల్టెంట్ ఇవ్వలేడు.

మరి కన్సల్టెంట్ వద్దా? సమస్య ఏంటో తేలాక, దానికి తగిన మనిషి అయితే పనికొస్తాడు. స్పెషల్ ఎడ్యుకేటర్ అని చెప్పుకుంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబర్ అడగాలి. స్కూళ్ల నుంచి కమీషన్ తీసుకుంటారా అని కూడా మొహమాటం లేకుండా అడగాలి. పిల్లాడిని చూడకుండానే మార్కులు గ్యారంటీ అంటే అక్కడినుంచి లేచి వచ్చేయడమే మంచిది.