గిర్నీ షెడ్డులో పికిల్‌బాల్: ఆటకు ముందు చూడవలసినవి

లోయర్ పరేల్, వర్లీ, ప్రభాదేవి ప్రాంతాల తెలుగు కుటుంబాలకు గిర్నీ అనే మాట కొత్తది కాదు. కరీంనగర్, నల్లగొండ, వరంగల్, పాలమూరు ప్రాంతాల నుండి ముంబయికి తరలివచ్చిన పద్మశాలీలు తరతరాలుగా ఇక్కడి బట్టల మిల్లుల్లో సాంచాలు నడిపారు. 1982 జనవరి 18న ఆరంభమైన సమ్మెలో సుమారు 2.5 లక్షల మంది కార్మికులు పాల్గొన్నారు. ఆ తరువాత మిల్లులు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. వాటి ప్రాంగణాలలో అనేకం నేడు కార్యాలయాలుగా, దుకాణాలుగా, భోజనశాలలుగా మారాయి. 1905లో స్థాపితమైన ఫీనిక్స్ మిల్లు స్థలంలో ఇప్పుడు పెద్ద మాల్ ఉన్నది.

పాత షెడ్లకు, గోదాములకు ఇటీవల మరొక వినియోగం తోడైంది. ఒక వైపు పికిల్‌బాల్ కోర్టులు, మరొక వైపు భోజనశాల గల వినోదస్థలాలు నగరాలలో వెలుస్తున్నాయి. సెలవుదినాన పిల్లలతో, పెద్దలతో అక్కడికి వెళ్లదలచిన కుటుంబం ఆటను గురించి, అంతకంటె ముఖ్యంగా ఆ కట్టడాన్ని గురించి కొన్ని విషయాలు తెలుసుకొనడం మంచిది.

పికిల్‌బాల్ 1965లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రానికి చెందిన బెయిన్‌బ్రిడ్జ్ దీవిలో పుట్టింది. కోర్టు పొడవు 44 అడుగులు, వెడల్పు 20 అడుగులు. అంటే బ్యాడ్మింటన్ డబుల్స్ కోర్టుతో సమానం. బంతి రంధ్రాలు గల ప్లాస్టిక్ బంతి. సర్వీసు చేతిని కింది నుండి పైకి ఊపి, ఎదుటి కోర్టులో ఐమూలగా పడేటట్లు చేయాలి. సర్వీసు తరువాత ఇరుపక్షాలూ ఒక్కొక్కసారి బంతిని నేలపై పడనిచ్చి కొట్టాలి. వలకు ఇరువైపులా ఏడేసి అడుగుల స్థలాన్ని ఆటగాళ్లు కిచెన్ అంటారు. అందులో నిలబడి, నేలను తాకని బంతిని కొట్టరాదు. సాధారణంగా రెండు పాయింట్ల ఆధిక్యంతో ముందుగా 11 పాయింట్లు సాధించిన పక్షం గెలుస్తుంది. నియమాలు సులభం కావడం వల్ల తాత, మనుమరాలు కలిసి ఆడగలరు.

పాత షెడ్డు ఈ ఆటకు అనుకూలమే. ఎత్తైన కప్పు, విశాలమైన నేల అందుకు కారణాలు. అయితే కోర్టు గీతలతో ఆట ముగియదు. పరుగెత్తడానికి చుట్టూ ఖాళీ ఉండాలి గనుక ఒక్కొక్క కోర్టుకు కనీసం 60 అడుగుల పొడవు, 30 అడుగుల వెడల్పు స్థలం విడిచిపెట్టడం ఉచితం. ఆ హద్దులో పాత ఇనుప స్తంభం ఉంటే దానికి మెత్తని తొడుగు ఉన్నదో లేదో చూడాలి.

ఇంతకంటె గంభీరమైన విషయం అగ్నిభద్రత. సాంచాల కోసం కట్టిన షెడ్డులో వంటపొయ్యిలు, గ్యాస్ సిలిండర్లు, అలంకరణ తెరలు, వందలాది అతిథులు చేరినప్పుడు ప్రమాదపు స్వభావమే మారిపోతుంది. 2017 డిసెంబరు 29న, అర్ధరాత్రి దాటిన కొద్దిసేపటికి, కమలా మిల్స్ ప్రాంగణంలోని మేడమీది భోజనశాలలలో చెలరేగిన మంటలు 14 మందిని బలిగొన్నాయి. వారిలో అత్యధికులు పొగకు ఊపిరాడక మరణించారు. బయటికి దారి దొరకకపోతే మంట తాకకముందే పొగ ప్రాణం తీస్తుందని ఆ దుర్ఘటన తెలియజేసింది.

అందుచేత కట్టడం వినియోగం మారినప్పుడు కొత్త అనుమతులు అవసరమవుతాయి. మహారాష్ట్ర అగ్నినివారణ, ప్రాణరక్షణ చర్యల చట్టం, 2006 ప్రకారం అగ్నిమాపక ఏర్పాట్లు సక్రమంగా పనిచేస్తున్నవని ధ్రువపత్రాన్ని ఏటా జనవరి, జూలై నెలలలో సమర్పించడం యజమాని లేక ఆ స్థలాన్ని అనుభవిస్తున్నవారి బాధ్యత.

అతిథి చేయవలసిన పని స్వల్పమే. లోపలికి ప్రవేశించగానే రెండవ ద్వారం ఎక్కడున్నదో చూడాలి. దానికి తాళం ఉన్నా, కుర్చీలు, ఆటసామాను అడ్డంగా ఉన్నా నిర్వాహకులకు చెప్పాలి, సరిచేయకపోతే వెనుదిరగాలి. మెట్ల మీద సామాను పేర్చరాదు. పిల్లలకు బయటి గుర్తును చూపించి, విడిపోతే ఎక్కడ కలుసుకోవాలో ముందే చెప్పాలి. పొగ కమ్మినప్పుడు లిఫ్టు ఎక్కరాదు, స్నానపుగదిలో తలదాచుకొనరాదు. నేలకు వంగి మెట్లవైపు సాగాలి. అగ్నిమాపకదళానికి 101, అత్యవసర సహాయానికి 112, ముంబయి మహానగరపాలిక విపత్తు నియంత్రణ కేంద్రానికి 1916 నంబర్లకు ఫోను చేయవచ్చు.

భోజనశాలలో 14 అంకెల ఆహార లైసెన్సు సంఖ్య కనబడేటట్లు ప్రదర్శించి ఉండాలి. బిల్లులో సేవారుసుము దానంతటదే చేర్చరాదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలైలో మార్గదర్శకాలు జారీచేసింది. దానిని తొలగించమని అడిగే హక్కు అతిథికి ఉన్నది. వినకపోతే 1915కు ఫిర్యాదు చేయవచ్చు.

ఒకనాడు భోంగా మోగగానే ఈ ప్రాంగణాలలోకి కార్మికులుగా నడిచినవారి మనుమలు నేడు అతిథులుగా అడుగుపెడుతున్నారు. పాత గోడలు నిలవడం సంతోషకరమే. వాటి నడుమ ఆడుకొనే పిల్లలు క్షేమంగా ఇల్లు చేరడం అంతకంటె ముఖ్యం. తెరిచి ఉన్న రెండవ ద్వారమే ఆ స్థలానికి తొలి యోగ్యత.