ఐదేళ్ల సూది ఎవరి పద్దు?

జూన్‌లో పిల్లల్ని ఒకటో తరగతిలో చేర్చేటప్పుడు ఆధార్ అడుగుతారు, పుట్టిన తేదీ రాసుకుంటారు, తల్లి బ్యాంకు పాసుపుస్తకం సంగతీ వస్తుంది. టీకాల కార్డు తెమ్మనడం మాత్రం అరుదు. తేవాలన్న చట్టమూ లేదు. అమెరికాలోని 50 రాష్ట్రాల్లోనూ బడిలో చేరాలంటే కొన్ని టీకాలు వేయించి ఉండాలి. మన 2009 విద్యాహక్కు చట్టమేమో వయసు రుజువు కాగితం లేకపోయినా పిల్లల్ని వెనక్కి పంపొద్దంటుంది. అది మంచి మాటే. కాకపోతే తలుపు మూయకూడదంటే తలుపు దగ్గర కార్డు చూడకూడదని అర్థం కాదు. గుంటూరు, ప్రకాశం ప్రాంతాల పత్తి, మిరప పల్లెల్లో కార్డు చూసే పని బడే చేయాలి. అదీ జూన్‌లో ఒకసారి చూస్తే చాలదు.

జాతీయ పట్టిక ప్రకారం 9 నెలలు నిండాక తట్టు-రుబెల్లా టీకా, 16 నుంచి 24 నెలల మధ్య దాని రెండో డోసు, డీపీటీ మొదటి బూస్టర్ వేస్తారు. ఆ తర్వాత మూడేళ్లు ఖాళీ. మళ్లీ 5–6 ఏళ్లకు డీపీటీ రెండో బూస్టర్, సరిగ్గా బడి ఈడుకి. పసిబిడ్డ సూదుల కోసం ఆశా కార్యకర్త, ఏఎన్ఎం, అంగన్‌వాడీ టీచర్ ముగ్గురూ ఇంటి చుట్టూ తిరుగుతారు. ప్రభుత్వాలు గొప్పగా చెప్పుకునే ‘పూర్తి టీకాల’ లెక్కా ఆ పసివాళ్లదే. 2019–21 కుటుంబ ఆరోగ్య సర్వేలో మన ఆంధ్రప్రదేశ్‌కు వచ్చిన సుమారు 73 శాతం ఏడాది నిండి రెండేళ్లు నిండని పిల్లలది. ఐదేళ్ల సూది అందులో లేదు. లెక్కకు రానిదాని కోసం ఎవరు తిరుగుతారు? డీపీటీ ఇచ్చే రక్షణ ఏళ్లు గడిచేకొద్దీ పలచబడుతుంది కనకే బూస్టర్ పెట్టారు. మన దేశంలో డీపీటీ అడ్డుకునే కంఠసర్పి (డిఫ్తీరియా) ఇప్పుడు చంటిపిల్లల్ని వదిలి ఐదేళ్లు దాటినవారి మీదికి మళ్లింది. గొంతులో బూడిదరంగు పొర కట్టి ఊపిరాడనివ్వదు. విరుగుడు సీరం వేళకు పడకపోతే ఆ జబ్బు విషం గుండెను దెబ్బతీస్తుంది. ఏడేళ్లు దాటాక డీపీటీ వేయరు, టీడీ వేస్తారు. డీపీటీలో ఉండే కోరింత దగ్గు రక్షణ అందులో ఉండదు. అంటే గడువు రెండేళ్లే. మన హైదరాబాదులో తయారై దేశదేశాలకు వెళ్లే టీకాలు పక్క పల్లెలో పిల్లవాడి భుజానికి చేరకపోవడానికి కారణం సరుకు కొరత కాదు, అడిగేవాళ్లు లేకపోవడం.

ఈ నేలకు ఇంకో చిక్కుంది. పత్తి తీతలు, మిరప కోతలు మొదలయ్యాక ఆదోని, కోసిగి వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలు ఇళ్లకు తాళాలేసి ఇటు వస్తాయి. పొలం గట్టునో కల్లం పక్కనో టార్పాలిన్ గుడారం, అందులో బియ్యం మూట, పిల్లలు. టీకా కార్డు మాత్రం సొంతూళ్లో ట్రంకుపెట్టెలో ఉంటుంది. అక్కడి ఏఎన్ఎం రిజిస్టరులో ఈ పిల్లలు ‘ఊళ్లో లేరు’. ఇక్కడి రిజిస్టరులో అసలు పేర్లే లేవు. తట్టు ఒకరికొస్తే, రక్షణ లేని పన్నెండు నుంచి పద్దెనిమిది మందికి అంటించగలదు. దాన్ని ఆపాలంటే నూటికి 95 మందికి రెండు డోసులూ పడి ఉండాలి. కల్లాల దగ్గరి పిల్లల్ని వదిలేసి ఊరి పిల్లలతోనే ఆ అంకె చేరుకోలేం. జనవరిలో కొత్త ముఖాలు కనబడినప్పుడు, బడికి వచ్చినా రాకపోయినా, మరోసారి చూడాలని అనేది ఇందుకే.

అమెరికాలోలా తప్పనిసరి చేస్తే పోదా అనేవారున్నారు. చేస్తే ముందు బడి పోగొట్టుకునేది ఈ గుడారాల పిల్లలే. కలిగినవాళ్లు ప్రైవేటు డాక్టరు దగ్గర సర్టిఫికెట్ తెచ్చుకుంటారు. పంతుళ్ల నెత్తిన ఇంకో పనా అన్న మాటలో న్యాయముంది. మరుగుదొడ్ల ఫొటోలు తీయించేదాకా వెళ్లింది ఒకప్పుడు వాళ్ల బతుకు. అయితే సూది వేయమని ఎవరూ అనడం లేదు. కార్డులో 5–6 ఏళ్ల గడి ఖాళీగా ఉన్నవారి పేర్లు రాసి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి ఇస్తే చాలు. 2017 ఆగస్టులో తట్టు-రుబెల్లా కార్యక్రమంలో పదిహేనేళ్ల లోపు పిల్లలకు మన బళ్లలోనే టీకాలు వేశారు కదా.

జ్వరం వస్తుందన్న తల్లుల భయాన్ని తీసిపారేయడానికి వీల్లేదు. డీపీటీ పడిన చెయ్యి వాచి, ఒకటి రెండు రోజులు ఒళ్లు కాలుతుంది. కోతల రోజుల్లో బిడ్డ దగ్గర కూర్చుంటే తల్లికి ఆ కూలి పోయినట్లే. స్థానిక పిల్లలకు కోతలు లేని జూన్, జులైలలో వేస్తే ఈ బాధ చాలావరకు తప్పుతుంది. వలస వచ్చినవారికి ఏ రోజు వేయాలో మేస్త్రిని అడిగి, పని లేని రోజు ముందటి సాయంత్రం వేయాలి. చేతికి పారాసిటమాల్ ఇచ్చి వెళ్లాలి. ఇక కార్డు లేదన్న సాకు. తట్టు టీకా ఒక డోసు ఎక్కువ పడినా ముప్పు లేదు. డీపీటీ సంగతి తేలాలంటే సొంతూరి ఏఎన్ఎంకు ఒక ఫోను చేస్తే సరి. యూవిన్ అనే ప్రభుత్వ టీకాల పోర్టల్‌లో పేరెక్కిన పిల్లలకైతే అదీ అక్కర్లేదు. ఆ ఫోను చేయాల్సింది మాత్రం కల్లం ఉన్న ఊరి ఏఎన్ఎమ్మే. పిల్లవాడు ఏ జిల్లావాడైనా, సూది పడాల్సిన రోజున ఎవరి ఊళ్లో ఉంటే వారి పద్దులోనే రాసుకోవాలి.