వుజూ నీళ్లు చెట్టుకు పెట్టండి

పారే ఏటి ఒడ్డున కూర్చున్నా సరే, వుజూకు నీళ్లు వృథా చేయొద్దన్నది ఇస్లాం బోధ. ప్రవక్త మహమ్మద్ (స) ఒక్క ముద్‌తో, అంటే సుమారు ముప్పావు లీటరుతో, వుజూ ముగించేవారని హదీసుల్లో ఉంది. మీ కుళాయి కింద ఎన్ని లీటర్లు పోతున్నాయో ఓసారి బకెట్ పెట్టి చూడండి.

జల్‌పల్లి చెరువు మురుగుతో, చెత్తతో పాడవుతోంది. వుజూ నీటిలో సబ్బు ఉండదు. దాన్ని మురుగులో కలపకుండా చిన్న కాల్వ తీసి వేప, జామ పాదులకు మళ్లించండి. పాదులో నీళ్లు నిలిచితే దోమలు చేరతాయి, జాగ్రత్త.

మీరు నాటిన చెట్టు కాయ మనిషి తిన్నా, పిట్ట తిన్నా, పశువు తిన్నా మీకది సదఖా, అంటే దానం కిందే లెక్క. అదే చేత్తో చెరువులో చెత్త పోస్తే ఆ పుణ్యం నిలుస్తుందా?